స్టీరింగు వెనక దీపం

"ఆ దీపం ఆరితేనే నా మనవరాలు ఈ కారెక్కేది," అని దర్జీ భార్య కారు తలుపుకు అడ్డంగా నిలబడింది.

దర్జీ సీట్లో కూర్చునే మరోసారి తాళం తిప్పి చూశాడు. స్టీరింగు వెనక గాజు పలకలో ఇంజను బొమ్మ నారింజ రంగులో వెలుగుతూనే ఉంది. పొద్దు వాలేలోగా ఆసుపత్రి నుంచి కూతురినీ, పొత్తిళ్లలోని పసిగుడ్డునీ ఇంటికి తేవాలి. మనవరాలు మొదటిసారి ఎక్కేది తాత కారేనని తన కుట్టు కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. కొలతలు తీస్తూ చెప్పాడు, కాజాలు కుడుతూ చెప్పాడు. వెనక సీటుకు మెత్తటి గుడ్డ కుట్టి తొడిగాడు కూడా. ఇప్పుడు అద్దె బండి పిలిస్తే తల కొట్టేసినట్టే.

"ముసలాళ్లకు దగ్గున్నట్టు దీనికి దీపం. అంతే," అన్నాడు చివరికి.

"దగ్గయితే మందు వేయించండి."

మందు వేయించడానికి ఇద్దరూ మెకానిక్ షెడ్డుకు వెళ్లారు. మెకానిక్ ఆమెకు మేనల్లుడు. ఆ కారును విప్పీ బిగించీ అతనికి విసుగొచ్చింది. తప్పు చూపించే పెట్టె తగిలిస్తే, తప్పేమీ లేదనే చూపించింది. ప్లగ్గులు మార్చాడు, తీగలు మార్చాడు. దీపం మాత్రం కుక్క తోకే అయింది.

ఈసారి బానెట్టు ఎత్తలేదు. మావయ్యను దిగమని, తానొక్కడే వీధి చివరిదాకా తోలుకొచ్చాడు. దీపం లేదు. దర్జీ ఎక్కి కూర్చున్నాడు. వెలిగింది. అతన్ని దింపి అత్తను కూర్చోబెట్టాడు. ఆరింది.

సీటు కింద తీగేదో బరువుకు నలుగుతోందని మెకానిక్ అనుమానం. పక్కనున్న పాత ఇనుము కొట్టుకు మావయ్యను తీసుకెళ్లి కాటా మీద నిలబెట్టాడు.

"ఆఖరికి పాత సామాను కింద తూచారన్నమాట నన్ను," అన్నాడు దర్జీ.

"వాళ్లు తీసుకుంటామంటే ఇక్కడే దింపేసి పోతాను," అంది భార్య.

సరిగ్గా అంత బరువు ఇసుక గోనెలో నింపి సీటు మీద పెట్టారు. దీపం వెలగలేదు. గోనె దింపి దర్జీ కూర్చున్నాడు. వెలిగింది. మెకానిక్ తోలుతుంటే అతన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి కూడా చూశారు. కొత్త గుడ్డ మీద ఇలా కూర్చున్నాడో లేదో, అలా వెలిగింది.

మెకానిక్ ముఖంలో నవ్వు పోయింది.

దేనికీ ఆరని దీపానికి బల్బు పీకెయ్యడం షెడ్లలో పాత అలవాటే. అది చేస్తే తన పనితనానికి నామోషీ అని అంతవరకూ ఆగాడు. ఇక లాభం లేదని, మావయ్యను కదలకుండా కూర్చోమని, పలక వెనక్కి చెయ్యి పోనిచ్చి బల్బు ఊడదీశాడు.

బల్బు అతని అరచేతిలో ఉంది. గాజు పలకలో ఇంజను బొమ్మ వెలుగుతూనే ఉంది.

ముగ్గురూ దాన్నే చూశారు. దర్జీ మెల్లగా కాళ్లు బయటపెట్టి దిగాడు. బొమ్మ ఆరిపోయింది.

"మావయ్యా, కారుకు జబ్బేం లేదు," అన్నాడు మెకానిక్ గొంతు తగ్గించి. "నీకూ దానికీ పడటం లేదు."

"ఇన్నేళ్లు కాపురం చేశాక ఇప్పుడా?"

"పడకపోయినా అత్త చెయ్యట్లేదా కాపురం? కారుకు అంత ఓపిక లేదనుకో."

ఎవరూ నవ్వలేదు.

దర్జీ ఇంక వాదించలేదు. మేనల్లుడు తోలేటట్టూ, భార్య వెళ్లి తల్లినీ బిడ్డనూ తెచ్చేటట్టూ, తాను బస్సులో ఇల్లు చేరేటట్టూ ఒప్పుకున్నాడు. బల్బు మళ్లీ బిగించారు. తాళాలు ఇస్తుంటే అతని చెయ్యి ఒక పట్టాన వదల్లేదు.

"గుంతల దగ్గర నెమ్మదిగా పోనియ్. పసిదాని మెడ నిలవదు," అన్నాడు.

"మీరు తిన్నగా ఇంటికెళ్లండి. దారిలో ఎవరితోనూ ముచ్చట్లు పెట్టుకోకండి," అంది భార్య. కారెక్కాక, ఎందుకో తల బయటపెట్టి మరోసారి చూసింది.

కారు కదిలేముందు దర్జీ వంగి కిటికీలోంచి తొంగి చూశాడు. గాజు పలక నల్లగా ఉంది. అమ్మయ్య అనుకున్నాడు. తాత కారెక్కలేకపోతే ఏం, మనవరాలు ఎక్కుతోంది. ఆ కారులో ఉన్న పీడేదో ఆ కారుతోనే పోయింది. రేపే దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యాలి.

బస్సు కిక్కిరిసి ఉంది. పెద్దవాడని ఎవరో లేచి, డ్రైవరు వెనకున్న సీటు ఇచ్చారు. పక్కన నిలబడ్డ ఒకావిడ చంకలో పిల్లతో, చేతిలో సంచితో అవస్థపడుతోంది.

"పెద్దయ్యా, కాస్త పట్టుకుంటారా," అని పిల్లను అతని ఒడిలో పెట్టింది.

పిల్ల వెచ్చగా ఉంది. ఏడవలేదు. అతని చొక్కా బొత్తాం పట్టుకుని లాగుతోంది. మనవరాలిని ఎత్తుకోవడానికి ఇదే అలవాటు అవుతుందిలే అనుకుని, మెడ కింద చెయ్యి ఆనించాడు. కారులో కూర్చుంటే బిగుసుకుపోయే ఒళ్లు, ఇన్నాళ్లకు వదులైనట్టనిపించింది.

బస్సు కదిలింది. మలుపు తిరుగుతుండగా డ్రైవరు వేగం తగ్గించి, స్టీరింగు వెనక గాజును వేలితో కొట్టాడు. ఒకసారి కొట్టి చూశాడు. మళ్లీ కొట్టాడు.

"కొత్త బండి. ఈ ఇంజను బొమ్మ ఇంతవరకూ వెలిగిందే లేదు," అన్నాడు.