ఎడమ సీటు

సేల్స్‌మ్యాన్ పెద్దాయన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, అడక్కుండానే ఆటోమేటిక్ బండి దగ్గరికి నడిచాడు.

"మీలాంటివాళ్ల కోసమే చేశారు సార్ ఇది."

ఆవరణలో రెండు టోయింగ్ ట్రక్కులు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ డీజిలే. ఇంజను ఒకటే, చెడిపోయిన బండ్లను లాగే వెనక కొక్కెమూ ఒకటే. తేడా అంతా గేర్ల దగ్గరే. సేల్స్‌మ్యాన్ బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ఆటోమేటిక్‌కి క్లచ్ లేదు కాబట్టి కాలినొప్పి లేదు. బరువు లాగుతూ ఎత్తు మీద ఆగినా వెనక్కి జారదు. స్టీరింగు పట్టుకుంటే చాలు, మిగతాది బండే చూసుకుంటుంది.

పెద్దాయన వినడం లేదు. రెండో బండి కిటికీలోంచి లోపలికి తొంగి చూస్తున్నాడు. కుడివైపు స్టీరింగు, ఎడమవైపు ఇంకో సీటు, రెంటికీ నడుమ నల్ల గుండుతో గేరు రాడ్డు, వెనక ఇరుకుగా ఓ సీటు.

"నాకిది కావాలి."

కూతురు తల పట్టుకుంది. ఫోనెత్తి, ఎక్కడ ఏ బండి ఆగిపోయిందో రాసుకోవడం ఆమె పని. వెళ్లి లాక్కురావడం తండ్రి పని. ఎనిమిది నెలలుగా ఫోను మోగుతూనే ఉంది, ఆయన మాత్రం కదల్లేదు. మళ్లీ రోడ్డెక్కితే తప్ప నాన్న మళ్లీ మనిషి కాడని ఆమె బెంగ. రోడ్డెక్కాలంటే ఆటోమేటిక్ ఒక్కటే దారి. ఈ మాట ఇంట్లో వందసార్లు అనుకుని మరీ బయల్దేరారు.

"నీకెందుకు చెప్పు నాన్నా, గేర్ల బండి?"

"మీ అమ్మ కోసం."

అమ్మ పోయి ఎనిమిది నెలలు. అంతకు ముందు తొమ్మిదేళ్ల పాటు, లాగుతున్న ఇనుప తాడు తెగి ఆయన్ని కొట్టిన రోజు నుంచీ, ఆవిడ ఆయన్ని ఒంటరిగా బండెక్కనివ్వలేదు. ఎడమ సీటు ఆవిడది. క్లచ్ ఆయన తొక్కేవాడు, గేరు ఆవిడ వేసేది. ఆయన నోరు తెరిచేలోపే గేరు పడేది. సిగ్నళ్ల దగ్గర ఎడమ కిటికీలోంచి చూసినవాళ్లు, ఈ వయసులో ఈ సరసాలేమిటని ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. ఆవిడ వాళ్లకేసి చూసి మరీ గేరు మార్చేది.

ఆవిడ పోయాక పాత ట్రక్కు ఇంటి ముందే నిలబడిపోయింది. రోజూ పొద్దున్నే ఆయన అందులో కూర్చుని, క్లచ్ తొక్కి, ఎడమవైపు తిరిగి ఏదో చెప్పేవాడు. కూతురు వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండేది. పోయిన వారం ఆ బండి తుక్కు కింద పోయింది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు.

"ఆటోమేటిక్‌లో మీ అమ్మకి పనేముంటుందమ్మా?" అన్నాడు పెద్దాయన. "పని లేనిచోట ఒక్క నిమిషం కూర్చునే మనిషేనా? దిగి వెళ్లిపోతుంది. ఈసారి పోతే ఇక రాదు."

కూతురికి ఏడుపూ భయమూ కలిసి వచ్చాయి.

సేల్స్‌మ్యాన్ నసిగాడు. "అది మీరు నడపడమంటే సార్..."

కూతురు అతన్ని పక్కకు పిలిచింది. "ఒక్కసారి ఎక్కనివ్వండి. ఎలాగూ నడపలేరు. ఆయనకే తెలిసొస్తుంది."

"అయితే రూలు ప్రకారం నేను పక్కన కూర్చోవాలి మేడమ్."

"వెనక కూర్చో బాబూ" అన్నాడు పెద్దాయన, తలుపు తీస్తూ. "ఆ సీటు ఖాళీ లేదు."

ఇంజను మొదలైంది. ఇదిగో ఆగిపోతుంది, అదిగో ఆగిపోతుంది అని కూతురు చూస్తూ నిలబడింది. ఆగలేదు. బండి మెల్లగా కదిలి, గోదాము చుట్టూ తిరిగి, చివరనున్న ఎత్తెక్కింది. ఒకటి, రెండు, మూడు. ఎక్కడా కిర్రుమనలేదు. తన ముందునుంచి వెళ్తున్నప్పుడు ఆమెకు తండ్రి మొహం కనిపించింది. చూపు దారి మీదే ఉంది. కుడి చెయ్యి స్టీరింగు మీదనుంచి కదల్లేదు. నవ్వుతున్నాడు. ఎనిమిది నెలల్లో ఆమె చూడని నవ్వు అది.

బండి వచ్చి ఆగింది. సేల్స్‌మ్యాన్ దిగి, తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పాఠం మొత్తం మరిచిపోయినట్టున్నాడు.

"మేడమ్... రెండో గేరుకి ముందు రాడ్డు రెండుసార్లు అటూ ఇటూ ఊగింది. అది అలవాటా?"

"అమ్మ అలవాటు" అంది కూతురు. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

పెద్దాయన దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "కాగితాలు రాసెయ్యమ్మా, మీ అమ్మ తొందర పెడుతోంది" అన్నాడు.

ఇక ఎవరూ ఆటోమేటిక్ ఊసెత్తలేదు. సేల్స్‌మ్యాన్ ఫారం తెచ్చి ఇచ్చాడు. కూతురు దాన్ని బానెట్ మీద పెట్టి రాయడం మొదలుపెట్టింది. రంగు, తెలుపు. గేర్లు, మాన్యువల్. బండిలో పనిచేసేవారు, ఒక్కరు అని రాసింది. ఎదురుగా అద్దంలోంచి ఎడమ సీటు కనిపించింది. కొట్టేసి, ఇద్దరు అని రాసింది. ఇక ఒక్క గడే మిగిలింది.

'డ్రైవరుకు శారీరక లోపం ఏదైనా ఉంటే' అన్న ఆ గడిలో ఆమె నింపింది: 'ఎడమ చెయ్యి భుజం దాకా లేదు.'