కప్పు పెట్టే చెయ్యి

కాలేజీ పంపిన ఏడాది ట్రైనింగ్ అది. కంపెనీ పనంతా ఇంటి నుంచే. ఆఖరి వీడియో మీటింగ్‌లో మేనేజర్ నవ్వుతూ కుర్రాణ్ణి అడిగాడు.

"పోయేముందు ఒక్క సంగతి చెప్పు. రోజూ నీ బల్ల కింద నుంచి ఓ చెయ్యొచ్చి, కాఫీ కప్పు పెట్టి మాయమైపోతుంది. ఇప్పుడూ వచ్చింది. ఎవరిదయ్యా అది?"

తెర నిండా నవ్వులు. కుర్రాడి చెవులు వేడెక్కాయి.

"పనావిడ సార్. కెమెరాలో పడాలంటే సిగ్గు."

"అలాగా. ఉద్యోగం నీకే ఖాయం చేశాం. ఆవిడక్కూడా చెప్పు."

మీటింగ్ ముగిసింది. ల్యాప్‌టాప్ మూశాక కూడా అతను తల తిప్పలేకపోయాడు.

బల్ల అంచు పట్టుకుని అమ్మ మెల్లగా పైకి లేచింది. మోకాళ్లు రుద్దుకుంటూ అంది.

"మంచిపనే చేశావులే నాన్నా. ఈ నైటీలో అమ్మనంటే నీకే నామర్దా."