పడకచాప కింద మనిషి

తెల్లవారుతుండగా ఫువాటినో తడికె పైకెత్తింది. ఇంటి ముందు ఎవడో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. తల నుంచి నడుం దాకా చాప కప్పుకున్నాడు.

"వచ్చాడా! మాడనీ," అంది.

ముందురోజు, దీవిని ఏలే నౌకాదళం వాళ్ళు ఆమె మొగుడి సమాధి మీద గునపం వేశారు. రేవు నుంచి బొగ్గుకొట్టు దాకా రోడ్డు కావాలట.

సమోవాలో పోయినవాళ్ళు ఊరవతలికి వెళ్ళరు, ఇంటి ముందే ఉంటారు. ఆ మనిషి గుండెల మీంచి బండ్లు తోలుతామంటే ఏ పెళ్ళాం ఊరుకుంటుంది?

ఫువాటినో వెళ్ళి సమాధి మీద కూర్చుంది.

"తవ్వండి. ముందు నన్ను తవ్వండి!"

అప్పటికే నాలుగు రాళ్ళు పగిలాయి. కూలీలు గునపాలు దించేశారు. మేస్త్రీ మాత్రం మళ్ళీ వస్తామని బెదిరించాడు.

"మీ గవర్నర్ని వెంటబెట్టుకు రా!" అని ఆమె వాడి వెనకాలే అరిచింది.

గవర్నరు కొత్తగా వచ్చాడు. అంతకుముందు ఓడలు నడిపినవాడట. తెల్లటోపీ, తెల్లబట్టలు, పడవకు జెండా. దూరం నుంచి చూడ్డమే తప్ప ఆయన ముఖం ఎలా ఉంటుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఫువాటినో అన్న తావిటా ఊరి పెద్ద. చాప కప్పుకున్న మనిషి సంగతి విని ఈ పొద్దున పరుగున వచ్చాడు.

"చాప ఎత్తు చెల్లీ. తప్పయిందని పొద్దు పొడవకముందే వచ్చి తలొంచాడు. ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే మన ఊరికే తలవంపులు."

"ఆ చాప చూశావా అన్నా?"

తావిటా చూశాడు.

తప్పు ఒప్పుకునేవాడు కప్పుకోవలసింది సన్నచాప. మొగలాకును దారాల్లా చీల్చి ఏళ్ళ తరబడి నేస్తారు. ఇంటి పరువంతా అందులోనే ఉంటుంది. ఎంత పెద్దవాడైతే అంత సన్నచాప.

ఈ మనిషి కప్పుకున్నది పడకచాప. అంచులు చీకిపోయాయి.

"అది కప్పుకొచ్చాడంటే ఆ మేస్త్రీగాడే," అంది ఫువాటినో. "తవ్వమన్నది గవర్నరు, మోకాళ్ళు నొప్పెట్టేది వీడికా? నేను ఎత్తను. ఆయన్నే రమ్మను."

ఎండ ముదిరింది. అంతలో సముద్రం మీద జెండా కట్టిన పడవ కనబడింది. అందులో తెల్లటోపీ.

"అదిగో, దొరగారు! చల్లగాలికి షికారెళుతున్నారు," అని ఫువాటినో సముద్రం వైపు ఉమ్మేసింది.

చాప కింద మనిషి కదల్లేదు.

వదిన కొబ్బరిబోండాం తెచ్చింది.

"ఒక్క చుక్క పోశావంటే ఈ జన్మలో నీతో మాట్లాడను వదినా!"

మధ్యాహ్నం వాన కొట్టింది. చాప నానిపోయి ఒంటికి అతుక్కుంది. వాన వెలిశాక మళ్ళీ ఎండ. తావిటా చెల్లెలి చుట్టూ తిరుగుతూ బతిమాలుతూనే ఉన్నాడు. ఆమె మొండితనం ముందు ఆయన పెద్దరికం ఏ మూలకి?

పొద్దు వాలాక ఆమే దగ్గరికి వెళ్ళింది.

"ఒరేయ్, లేచి పో ఇంక. రోడ్డు కావాలంటే నా మీంచి వేసుకోమన్నానని మీ గవర్నరుతో చెప్పు."

"చెబుతానమ్మా." చాప కింద నుంచి వచ్చీరాని సమోవా మాట.

"సన్నచాప దొరకలేదా నీకు?"

"అది అమ్మరటగా. చుట్టాలిస్తేనే ఉంటుందట. నాకిక్కడ ఎవరూ లేరమ్మా."

ఆమె గుండె చివుక్కుమంది. అయినా చెయ్యి చాప మీదికి పోలేదు.

ఆ మనిషి తడబడుతూ లేచాడు. చాపను సమాధి మీద, రాళ్ళు పగిలినచోట కప్పి వెళ్ళిపోయాడు. వెనకనుంచి మెడ మాత్రం కనబడింది. కమిలి బొబ్బలెక్కి ఉంది.

మర్నాడు నౌకాదళం వాళ్ళు రోడ్డు కోసం పాతిన గుర్తుకొయ్యలు పీకేసి కొండవారగా పాతుకున్నారు. ఊరంతా పందిని కాల్చుకుని పండగ చేసుకుంది. గెలిచింది తనే అయినా ఫువాటినోకి ముద్ద దిగలేదు. నాకిక్కడ ఎవరూ లేరమ్మా. ఆ మాట చెవుల్లోంచి పోదే!

కొన్నాళ్ళకి రేవులోకి ఓడ వచ్చింది. రోడ్డు తప్పించిన నేరం మేస్త్రీ మీద వేసి పంపేస్తున్నారేమోనని ఆమెకు అనుమానం కలిగింది. పరుపు కింద నుంచి అత్తగారు నేసిన సన్నచాప తీసింది.

"అది ఎవరికే?" అన్నాడు తావిటా.

"ఆ దిక్కులేనివాడికి. ఈసారి తప్పు చేస్తే పనికొస్తుంది."

ఆమె రేవు చేరేసరికి ఓడ కదిలిపోయింది. పైన రెయిలింగు దగ్గర మామూలు చొక్కాలో ఒక మనిషి అటు తిరిగి నిలబడ్డాడు. మెడ మీద బొబ్బలు ఎండి నల్లబడ్డాయి.

ఆమెకు తెలిసిన కుర్రాడు పెని అక్కడ నౌకాదళం కాపలాలో ఉన్నాడు.

"ఒరే పెనీ, ఆ మేస్త్రీ ఏం చేశాడని పంపేస్తున్నార్రా?"

"మేస్త్రీ ఏంటి పిన్నీ? మేస్త్రీ కొండ దగ్గర పనిలో ఉన్నాడు. ఈయన మన దీవివాళ్ళ ముందు మోకాళ్ళూని దళం పరువు తీశాడని పైనుంచి తంతి వచ్చింది. ఉద్యోగం పీకేశారు."

"మరి ఆ రోజు జెండా పడవలో షికారెళ్ళింది?"

"చిన్నదొర పిన్నీ, గవర్నరు కింది అధికారి."

"పెద్దాయన ఎక్కడున్నాడ్రా ఆ రోజు?"

పెని ఓడ వైపు తిరిగి సెల్యూట్ కొట్టాడు.

ఫువాటినో రేవు నడిమధ్యన మోకాళ్ళ మీద కూలబడింది. సన్నచాప తలమీదుగా కప్పుకుంది.

బూట్ల చప్పుడయింది.

"ఎవరే నువ్వు? అడ్డం లే! కొత్త గవర్నరుగారు వస్తున్నారు!" అని చిన్నదొర గద్దించాడు.

"పక్కనుంచి పొమ్మను," అంది ఆమె చాప కింద నుంచి. "ఆ ఓడ కనబడినంతసేపూ నేను లేవను. నా ఇంటి ముందు పడకచాప కప్పుకుని కూర్చున్న గవర్నరు అందులో ఉన్నాడు."