రెండు గీతల సున్నా

సాయంత్రం స్టాఫ్‌రూములో వదిలివెళ్లిన నలభై లెక్కల పేపర్లూ ఎర్రసిరాతో దిద్ది ఉండటం చూసి టీచరమ్మ ఒక్కడుగు వెనక్కి వేసింది. పగలంతా క్లాసు గోల అణచడంతోనే సరిపోయింది. తెల్లారేసరికి మార్కులివ్వాలని రాత్రివేళ ఒంటరిగా వచ్చింది.

ప్రతి మార్కు చుట్టూ రెండు గీతల సున్నా. అలా చుట్టే అలవాటు పోయినేడు చనిపోయిన లెక్కల మాస్టారొక్కరికే ఉండేది. క్లాసులోని అల్లరిపిడుగు పేపరు మీద, "వీణ్ణి తిట్టకమ్మా, ముందు బెంచీలో కూర్చోబెట్టు" అని ఉంది. సిరా ఇంకా ఆరలేదు.

భయం వెనకే ఆమెకు నవ్వు వచ్చింది.

"ఎవరండీ ఈ పుణ్యం కట్టుకున్నది?"

మూలనున్న ఖాళీ కుర్చీ కిర్రుమంది.

"నేనేనమ్మా. బతికినన్నాళ్లూ ఈ కట్టలు చూసి విసుక్కున్నాను. ఇప్పుడేమో ఇవి లేకపోతే పొద్దుపోవడం లేదు. రేపటి కట్ట కూడా ఇక్కడే వదిలెయ్యి తల్లీ."