నలభై ఒకటో కవరు

“చాయ్‌ల చక్కెర తక్కువైంది చెల్లె,” అన్నాడు రాజారావు, కవర్ల మీంచి భూతద్దం తీయకుండానే.

“మీకు షుగరుందని వదిన ఫోన్ చేసి మరీ చెప్పిందన్నా,” అంది పుష్పమ్మ.

ఆమె భర్త ఎల్లయ్య పోయాక రాజారావు ఆ ఇంటి గడప తొక్కడం ఇదే మొదలు. స్నేహితులిద్దరిదీ ఒకటే పిచ్చి. కొత్త స్టాంపు విడుదలైన రోజే దాన్ని కవరు మీద అంటించి, పక్కన తగిన బొమ్మ గీసి, సంగారెడ్డి పోస్టాఫీసులో ఆనాటి తేదీ ముద్ర వేయించాలి. ఒక్కరోజు దాటితే అది ఉత్త కవరే. హైదరాబాదు ప్రదర్శనలో ఎల్లయ్య కవర్లు నలభై ఒకటీ అతని పేరుతో పెట్టించాలని రాజారావు పట్టుదల. దరఖాస్తుకు ఈ రోజే ఆఖరు.

“బొమ్మలేసినోళ్ల పేరు గూడ రాయాల్నా?” అడిగింది పుష్పమ్మ.

“బహుమతి బొమ్మలకే గద. కాని అన్నీ ఒక్క చేతివే ఉండాలె. ఇంకొకరి గీత కలిస్తే మొత్తం పక్కకు పెడ్తరు.”

“కలిసిందో లేదో మీకెట్ల తెలుస్తది?”

రాజారావు నవ్వాడు. “వెయ్యి కవర్లల్ల కలిపినా ఎల్లయ్య చేయి పట్టేస్త. ఆ ఎడ్ల కండ్లు సూడు, గీ కొంగ కన్ను సూడు. మనదిక్కే చూస్తున్నట్టుంటయి. పటాన్‌చెరు కంపెనీల నైట్ డ్యూటీ చేసొచ్చి గూడ, పొద్దుగాల్ల స్టాంపు కొని ఇంటికి పోయెటోడు. స్టాంపు చూసినంకనే బొమ్మ. పన్నెండు కొట్టేసరికి బొమ్మతోని మళ్ల వచ్చెటోడు. నా ముందట గియ్యమంటే ఒక్కనాడు గియ్యలే. సిగ్గు.”

“మస్తు సిగ్గు మనిషి,” అంది పుష్పమ్మ.

“నీకేమెరుక? నువ్వు వంటింట్లనే ఉంటివి.”

“అదీ నిజమే. కొంగ కాళ్లు జెర పొట్టిగైనట్టున్నయి?”

“ఎల్లయ్యకే వంకలు పెడుతున్నవా? అన్నిట్ల గిదే గొప్పది. చేయి బాగ తిరిగినంక గీసింది.”

పుష్పమ్మ ఖాళీ గ్లాసు అందుకుంది.

“ఇంకో చాయ్ పెడ్త. ఈసారికి చక్కెర వేస్త.”

రాజారావు దరఖాస్తులో ‘చిత్రకారుడు: ఎల్లయ్య’ అని రాశాడు. ‘బొమ్మలన్నీ ఒక్క చేతివే’ అన్న వాక్యం కింద సంతకం చేశాడు. ఒక్కో కవరు తేదీ వరుసగా ఎక్కిస్తూ పోయి చివరికి కొంగ కవరు తీశాడు. ముద్ర మీద భూతద్దం పెట్టి చదివాడు. అద్దం తుడిచి మళ్లీ చదివాడు.

ఆ తేదీకి ఎల్లయ్య పోయి నాలుగు నెలలు.