తెల్లబల్లి చెంపమీద మచ్చ

"వీరేందరన్నా, మా ఆక్సోలాటిల్ చెంపకు నల్లగ బూజు పట్టింది! పాప బడి నుంచి వచ్చేలోపల ఇది చచ్చిపోతే ఏమని చెప్పాలె?" పూర్ణిమ ఫోనును తెల్ల నీటిబల్లి ఉన్న అద్దాల తొట్టికి దగ్గరగా పెట్టింది.

చేపల దుకాణం వీరేందర్ వీడియోలో తొంగిచూశాడు. "బూజైతే దూది లెక్క తెల్లగ పొంగుతది అక్కా. పుట్టుమచ్చయితే దానితోటే కదులుతది. జర మేత వెయ్యి."

మేత వేయగానే ఆ నీటిబల్లి మూల వదిలి వచ్చింది. మచ్చ మాత్రం అద్దానికే ఉండిపోయింది. తుడిస్తే వేలికి కాటుక అంటింది.

"తుడవకు!" అంది అత్త భాగ్యమ్మ. ఆ బల్లిని పారెయ్యమని రోజూ పోరేది ఆవిడే. "వచ్చినోళ్లంత దాని నవ్వుమొహమే చూస్తున్నరు. దిష్టి తగలదా?"

"మనవరాలికి ఎన్నడన్న దిష్టిచుక్క పెట్టిండ్రా అత్తమ్మా?"

"పాపకోసం పరేషాన్ అయ్యేటందుకు నువ్వున్నవు. దీనికెవరున్నరు?"