జాకీ మీద నమ్మకం

"ఆగండక్కడ! వంగారంటే ఊరుకోను!"

భార్య రెండు చేతులూ చాచి కారుకి అడ్డంగా నిలబడింది. ఆమె వెనక కారు ముందు చక్రాలు రెండూ గాల్లో ఉన్నాయి. జాకీ వేసి ఎత్తింది భర్తే. ఎత్తి, లోపలికెళ్ళి పాత ప్యాంటు తొడుక్కుని, టీ తాగి, ఓ చేతిలో పానా, ఇంకో చేతిలో టార్చిలైటు, చంకలో గోనెపట్టాతో హుషారుగా షెడ్డులోకి వచ్చాడు. ఇంజన్ అడుగున ఆయిల్ బొట్టు బొట్టుగా కారుతోంది. దూరి ఓ నట్టు బిగించి వచ్చేస్తే సరి. ఇంతలో ఈవిడ!

"తప్పుకోవే. చిటికెలో పని."

"జాకీ జారితే ప్రాణం పోవడమూ చిటికెలో పనే. ఒట్టి జాకీని నమ్ముకుని కారు కిందకి ఎవరైనా దూరతారా? కింద స్టాండ్లు పెట్టకుండా తల కూడా పెట్టొద్దని మొన్న మెకానిక్ మీకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడా లేదా?"

"చెప్పాడు. ఆ స్టాండ్లకోసం నేను బజారుకెళ్ళి వచ్చేసరికి మేడ మీద మీ అమ్మ నిద్ర లేస్తుంది. లేచిందంటే నా పని గోవిందా!"

అదీ అసలు సంగతి. అత్తగారు చుట్టపు చూపుగా వచ్చి, కీచుమంటున్న ఫ్యానూ, కారుతున్న కుళాయీ, తిరగనని మొరాయించిన వాషింగ్ మిషనూ వరసపెట్టి బాగుచేసేసింది. చేసి ఊరుకుందా? వీధిలో కనిపించినవాళ్ళందరికీ "మా అల్లుడుగారు మెత్తటి మనిషి, పాపం, ఇవన్నీ ఆయన వల్ల కావు" అని చెప్పొచ్చింది. ఆ 'పాపం' ఉంది చూశారూ, అది మనవాడికి ముల్లులా గుచ్చుకుంది. ఈ కారొక్కటైనా సొంత చేత్తో బాగుచెయ్యకపోతే ఇక ఆ వీధిలో తలెత్తుకుని తిరగడం కల్ల.

"అమ్మ నాలుగు మాటలంటే పరువే పోతుంది. దీని కింద దూరితే మనిషే పోతారు," అంది భార్య.

"నీకీ జాకీ సంగతి తెలీదు. ఉడుంపట్టు!"

"అంత నమ్మకమా?"

"నూటికి నూరు పాళ్ళు."

"అయితే ముందు మీ కొత్త టీవీ తెచ్చి దీని కింద పెట్టండి. కాసేపు చూద్దాం."

భర్త అదిరిపడ్డాడు. "టీవీయా? మతి గానీ పోయిందా? కారు మీద పడితేనో?"

"పడదన్నారుగా!"

"పడదులే... అయినా ఎందుకైనా మంచిదని..."

"ఓహో! టీవీకైతే ఎందుకైనా మంచిది. నా మొగుడికైతే ఏమైనా మంచిదేనా?"

"కావాలంటే నీ మిక్సీ పెట్టి చూద్దాం."

"నా మిక్సీ జోలికొస్తే మర్యాదగా ఉండదు!" అనేసి ఆవిడ నాలిక్కరుచుకుంది.

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"నాకు మీరు కావాలండీ. నిజంగానే భయంగా ఉంది," అంది.

భర్త మనసు వెన్నలా కరిగింది. కానీ పంతం కరగలేదు. "ఓసి పిచ్చి మొద్దూ! నీ భయం ఇప్పుడే వదలగొడతా, చూస్తూ ఉండు," అని పానా పక్కన పడేశాడు.

రెండు చేతులూ బంపరుకి ఆనించి ఒక్క తోపు తోశాడు. కారు కదల్లేదు. భుజం పెట్టి ఊపాడు. అబ్బే! మనవాడికి పూనకం వచ్చింది. ఒక్క గెంతున బానెట్ ఎక్కి కూర్చుని గుర్రపు స్వారీ చేసినట్టు ఎగిరెగిరి పడ్డాడు. షెడ్డు రేకులు దడదడలాడాయి గానీ కారు ఉలకలేదు, పలకలేదు.

"దిగండి బాబోయ్! అమ్మ లేస్తుంది!"

"లేవనీ! లేచి వచ్చి చూడనీ, అల్లుడి తడాఖా! చేతిలో పానా లేందే ముద్ద దిగదు ఆవిడకి. పానా పిశాచం!"

"అయ్యో, మెల్లిగా! వింటే చంపేస్తుంది," అంటూ భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

"అంతా చూశావుగా. ఇప్పటికైనా దారిస్తావా?"

ఇంకేమంటుంది? కళ్ళారా చూసింది. ఇంత ఎగిరినా కదలని కారు ఇంకెందుకు కదులుతుంది? భయం భయంగానే పక్కకి తప్పుకుంది. భర్త విజయగర్వంతో గోనెపట్టా పరిచి, వెల్లకిలా పడుకుని, టార్చి వెలిగించి, కారు కిందకి తలదూర్చాడు.

దూర్చినవాడు దూర్చినట్టే బిగుసుకుపోయాడు.

టార్చి వెలుగులో కారు బరువంతా మోస్తూ అటొకటి ఇటొకటి బలమైన ఇనప స్టాండ్లు. వాటి మధ్య, గోడవైపు నుంచి ఎప్పుడు దూరిందో ఏమో, తల కింద దిండు పెట్టుకుని, చేతిలో పానాతో తాపీగా పడుకుని ఉంది అత్తగారు. ఇంజన్ కింద ఆయిల్ బొట్టు కారడం లేదు.

"మీ... మీరా అత్తయ్యగారూ! ఇంతసేపూ ఒక్క మాటైనా..."

అత్తగారు పళ్ళ మధ్య పట్టుకున్న నట్లు ఒక్కొక్కటే నోట్లోంచి తీసింది. పక్కకి ఒరిగిపడి ఉన్న జాకీని పానాతో చూపించింది.

"మీ మొదటి తోపుకే అది పడిపోయింది అల్లుడుగారూ, అప్పట్నుంచీ ఈ కారునీ, దాని మీదెక్కి ఎగిరిన మిమ్మల్నీ మోసింది మా ఊరి నుంచి తెచ్చుకున్న నా స్టాండ్లే!"